ఇంగ్లీషు పలుకుబళ్లలో బైబిలు మాటలు

పాఠ్యభాగములు: లేవీయకాండము 16వ అధ్యాయము, ద్వితీయోపదేశకాండము 21:1-9, మత్తయి 5:38-42, 25:14-30, 27:15-26.



మన గ్రామములలో పదవ తరగతి చదువు పిల్లలును, పోలీసు ఉద్యోగములకును బ్యాంకు ఉద్యోగములకును పరీక్షలు వ్రాయు యౌవనస్థులును ఇంగ్లీషు జాతీయముల పట్టికలను కంఠస్థము చేయుచున్నారు. ఎడమ ప్రక్కన పలుకుబడి, కుడి ప్రక్కన ఒక్క ముక్కలో దాని అర్థము. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనగా కుండపోత వాన. ‘వైట్ ఎలిఫెంట్’ అనగా మేపలేని ఆస్తి. వీటితో మనకు పని లేదు. అయితే అదే పట్టికలో ‘స్కేప్ గోట్’, ‘ఎక్స్‌ట్రా మైల్’, ‘రైటింగ్ ఆన్ ది వాల్’ అను మాటలును ఉన్నవి. ఇవి పరిశుద్ధ గ్రంథమునుండి బయలుదేరి ఇంగ్లీషువారి నోట స్థిరపడిన మాటలు. ఆ సంగతి పట్టికలో వ్రాయబడలేదు, బడిలో చెప్పువారును అరుదు. మన ఇండ్లలో బైబిలు చదువు పెద్దలకు ఇంగ్లీషు రాదు, ఇంగ్లీషు చదువు పిల్లలకు బైబిలు పట్టదు. కాబట్టి ఈ నెల మనము ఆ పట్టికనే ముందు పెట్టుకొని కొంచెము ధ్యానింతము.

రామాయణము ఒక్క పుట చదువనివాడు సయితము ‘కుంభకర్ణుని నిద్ర’ అనును. భారతము తెలియనివాడును ‘శల్య సారథ్యము’ అనును. ఏ గ్రంథమును తరతరములు విందురో ఆ గ్రంథము వారి నాలుకలలో చేరును. ఇంగ్లీషు విషయములోను అట్లే జరిగెను. విలియం టిండేలు అను పండితుడు క్రొత్త నిబంధనను గ్రీకునుండి ఇంగ్లీషులోనికి తర్జుమా చేయగా, అది 1526లో జర్మనీ దేశపు వర్మ్స్ పట్టణమున అచ్చుపడెను. ఇంగ్లండులో దానిని నిషేధించిరి గనుక వర్తకుల సరకుల నడుమ దాచి ఓడలలో చేరవేసిరి. 1536లో బ్రస్సెల్సు సమీపమున విల్వోర్డె అను చోట ఆయనను గొంతు బిగించి చంపి, దేహమును కాల్చివేసిరి. అటు తరువాత 75 సంవత్సరములకు, 1611లో, జేమ్సు రాజు కాలమున వెలువడిన బైబిలులో ఆయన మాటలు విస్తారముగా నిలిచిపోయెను. ఆ బైబిలును ఆ దేశపు పల్లెలలో ప్రతి ఆదివారము చదువగా చదువగా, చదువు రాని రైతు నోటను అందలి మాటలు సామెతలాయెను.

ఇది సంతోషింపదగిన సంగతియే. అయినను ఇందులో ఒక నష్టము కలదు. మాట సామెత అయినప్పుడు దాని బరువు కొంత తగ్గును. పది చేతులు మారిన రూపాయి కాగితముమీద అంకె మాత్రము కనబడినట్లు, పది నోళ్లు మారిన వాక్యములో శబ్దము మాత్రము మిగులును. ఇంగ్లీషువారు పోగొట్టుకొనినది మనమును పోగొట్టుకొనుచున్నామా అనునదే మా ప్రశ్న.

‘ఎ డ్రాప్ ఇన్ ది బకెట్’ అందురు. మన తెలుగులో ‘సముద్రములో కాకిరెట్ట’ అన్నట్లు, అవసరము కొండంత, చేసిన సహాయము గోరంత అని దాని నేటి అర్థము. యెషయా 40వ అధ్యాయములో ప్రవక్త ఈ మాట సహాయమునుగూర్చి చెప్పలేదు. లోకమును గడగడలాడించు రాజ్యములు దేవుని యెదుట చేదనుండి జారిన చుక్కవంటివని చెప్పెను. చెరలోనున్న దిక్కులేని జనమునకు అది ఓదార్పు. మనము బావిలో చేద వేసి తోడుకొనినవారమే గనుక, పైకి లాగునప్పుడు ఎన్ని చుక్కలు జారునో ఎవరును లెక్కపెట్టరని మనమెరుగుదుము.

‘బై ది స్కిన్ ఆఫ్ మై టీత్’ అనునది మరియొకటి. పరీక్షలో ఒక్క మార్కు ఎక్కువతో గట్టెక్కినవాడు ఈ మాట అనును. ఇది 1560 నాటి జెనీవా బైబిలునుండి ఇంగ్లీషులో వాడుకకు వచ్చెను. యోబు 19వ అధ్యాయము దీనికి మూలము. పంటికి చర్మమెక్కడిది అని పండితులు నేటివరకు తర్కించుచునే యున్నారు, మనకు ఆ తర్కము వద్దు. ఆ అధ్యాయమును మొదటినుండి చదివి చూడుడి. బంధువులు దూరమైరి, పనివాడు పిలిచినను పలుకడు, భార్యకు అతని ఊపిరి అసహ్యమాయెను. అట్టివాడు అనిన మాట అది. గట్టెక్కినవాని సంతోషము అందులో లేదు. ‘చావు తప్పి కన్ను లొట్టపోయెను’ అను మన తెలుగు మాటలో యోబు గొంతు కొంత వినబడును, ఇంగ్లీషు మాటలో ఇప్పుడు వినబడదు.

‘రైటింగ్ ఆన్ ది వాల్’ అనగా రాబోవు నాశనమునకు కనబడు గురుతు. ఎన్నికలలో ఓడిపోవు పార్టీనిగూర్చి పత్రికలు ఈ మాట వాడును. నేటి వాడుకలో ఆ గోడమీది వ్రాతను ఎవడైనను చదువగలడు, చదువనొల్లనివాడే మూర్ఖుడు. దానియేలు 5వ అధ్యాయములో అట్లు కాదు. బెల్షస్సరు విందులో యెరూషలేము ఆలయపు పాత్రలతో ద్రాక్షారసము త్రాగుచుండగా, దీపస్తంభమునకు ఎదురుగా గోడపూతమీద వ్రేళ్లు వ్రాసెను. రాజు చూచెను, ముఖము వెలవెలబోయెను, మోకాళ్లు కొట్టుకొనెను, అయినను చదువలేకపోయెను. జ్ఞానులును చదువలేకపోయిరి. చెరపట్టబడి వచ్చిన ఒక మనుష్యుడే చదివెను. ఆ వ్రాతలోని మాటలు తూకమునకును రూకలకును సంబంధించిన పేళ్లే. లెక్కింపబడుట, తూచబడుట, పంచివేయబడుట అని దానియేలు వాటికి అర్థము చెప్పెను. ధాన్యము కాటాకు పెట్టునప్పుడు రైతు గుండె ఎట్లు కొట్టుకొనునో ఎరిగినవారికి ఈ అధ్యాయము వేరుగా వ్యాఖ్యానింపనక్కరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంగ్లీషులో భక్తిగా వినబడు ప్రతి మాటయు బైబిలు మాట కాదు. తమకు తాము సహాయము చేసికొనువారికే దేవుడు సహాయము చేయునను సామెతను మన కూటములలో వాక్యమువలె ఎత్తిచెప్పువారు కలరు. అది ఆదికాండము మొదలుకొని ప్రకటనవరకు ఎక్కడను లేదు. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పంచాంగములో దానిని అచ్చు వేసెను, అంతకు ముందును అది వాడుకలో నుండెను. శుభ్రత దైవభక్తికి తరువాతిదను మాటయు అట్టిదే. జాన్ వెస్లీ ప్రసంగములో వాడెను గనుక మిషనరీల నోట మన పల్లెలకు వచ్చెను. శుభ్రత మంచిదే. కాని అధ్యాయము, వచనము అడిగినయెడల ఏమి చూపగలము?

ఇక ‘టేలెంటు’. ఈ మాట మన తెలుగులోను చొరబడెను. వేసవి బైబిలు పాఠశాలలలో టేలెంటు టెస్టులు పెట్టుచున్నాము. పాడువానికి తలాంతు ఉన్నది, ప్రసంగించువానికి తలాంతు ఉన్నది అందుము. పొలము పనికి పోయి వచ్చి వెనుక చాపమీద కూర్చున్న సహోదరి, ‘నాకేమి తలాంతు ఉన్నదయ్యా, చదువు కూడ రాదు’ అనును. మేము ఎన్ని ఇండ్లలో వింటిమో ఈ మాట! తలాంతు అనునది పుట్టుకతో వచ్చిన నేర్పు కాదు, అది ఒక తూకము. వెండి తలాంతు దాదాపు ముప్పది కిలోలు, కొన్ని లెక్కలలో అంతకంటె హెచ్చు. కూలివాడు ఇరువది సంవత్సరములు పనిచేసినగాని సంపాదింపలేనంత సొమ్ము. ఒక్క తలాంతు పొందిన దాసునికి తక్కువ ఇయ్యబడెనని ఎవరనగలరు? మరియు ఆ ఉపమానములోనే యజమానుడు ఎవని సామర్థ్యము చొప్పున వానికి తలాంతులు ఇచ్చెనని ఉన్నది. చూచితిరా, సామర్థ్యము ఒకటి, తలాంతు మరియొకటి. నేర్పు దాసునిది, తలాంతు అతనికి అప్పగింపబడిన యజమానుని సొమ్ము. ఇంగ్లీషు వాడుక ఈ రెంటిని ఒకటిగా కలిపివేసెను, మనమును ఆ వాడుకనే తెచ్చుకొంటిమి. ఆ వెనుక చాపమీది సహోదరికి నలుగురు పిల్లలు అప్పగింపబడలేదా? మంచము పట్టిన అత్త అప్పగింపబడలేదా?

‘గోయింగ్ ది ఎక్స్‌ట్రా మైల్’ అను మాటను నేడు దుకాణముల ప్రకటనలలోను, పట్టణపు ఆఫీసులలోను వినుచున్నాము. జీతమునకు తగిన పనికంటె కొంచెము ఎక్కువ చేయుటయే దాని అర్థమట. మత్తయి 5వ అధ్యాయమును ఆ ఆఫీసువానికంటె మన తాతలు బాగుగా గ్రహింపగలరు. రోమా సైనికుడు దారిని పోవు యూదుని నిలిపి తన మూట మోయుమని బలవంతపెట్టవచ్చును. గ్రీకులో దీనికి వాడబడిన క్రియయే కురేనీయుడైన సీమోనుచేత ప్రభువు సిలువను మోయించినప్పుడును వాడబడెను. దీనికి తెలుగులో సరియైన మాట వెట్టి. నిజాము కాలమున తెలంగాణా గ్రామములలో దేశముఖుల గడీలకును, అధికారుల విడుదులకును మన పెద్దలు కట్టెలు మోసిరి, మూటలు మోసిరి, ఉత్తరములు చేరవేసిరి. కూలి అడుగుటకు నోరు లేదు. వెట్టి ఎరిగినవారితోనే ప్రభువు రెండవ మైలునుగూర్చి మాటలాడెను, సుఖముగా కూర్చున్నవారితో కాదు.

రోమా మైలు కిలోమీటరున్నర దూరము. మొదటి మైలు అంతయు సైనికుని ఆజ్ఞ. మైలు ముగిసిన చోట మూట దింపనక్కరలేదని మోయువాడే చెప్పినయెడల ఏమగును? ఆజ్ఞ ఇచ్చువాడు తెల్లబోవును. రెండవ మైలులో బరువు అదే, దారి అదే, నడచువాడు మాత్రము స్వతంత్రుడు. బానిసగా మొదలైన నడకను మనుష్యుడుగా ముగించు త్రోవ అది.

అయితే ఈ వాక్యమును తలక్రిందులు చేయువారున్నారు. కూలివారిచేత ప్రొద్దుగూకువరకు పని చేయించుకొని, కూలి దగ్గర మాత్రము గీచి గీచి ఇచ్చి, ‘క్రైస్తవులు గదా, రెండవ మైలు నడువరా?’ అను ఆసాములను ఎరుగుదుము. అందులో మన సంఘస్థులు లేరని చెప్పజాలము. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దు చేసెను, ఈ ఆసాములు దానిని వాక్యము పేరట తిరిగి తెచ్చుచున్నారు. రెండవ మైలు అడిగి తీసికొనునది కాదు. అడుగువాడు తాను సైనికుని చోట నిలిచినట్లు తెలిసికొనవలెను. బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో వ్రాసినది అట్టివారికే.

‘టు వాష్ వన్స్ హ్యాండ్స్’ అను మాటకు తెలుగులో ‘చేతులు దులుపుకొనుట’ అందుము. పిలాతు నీళ్లు తెప్పించుకొని జనుల యెదుట చేతులు కడుగుకొనిన సంగతి చిన్నపిల్లలకును తెలియును. చాలమందికి తెలియనిది ధర్మశాస్త్రములోని చేతులు కడుగుకొనుట. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము తీయుడి. పొలములో ఒక శవము కనబడెను, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, శవమునుండి చుట్టుపట్లనున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరో ఆ ఊరి పెద్దలు పెయ్యను తీసికొని, నీళ్లు పారు లోయలో దాని మెడ విరుగదీసి, దానిమీద చేతులు కడుగుకొని, ఈ రక్తము మేము చిందింపలేదు, చిందించుట చూడలేదు అని సాక్ష్యమియ్యవలెను.

ఎంత భేదమున్నదో చూడుడి. అక్కడ చంపినది ఎవరో తెలియకపోయినను, మా ఊరే దగ్గర గనుక భారము మాది అని పెద్దలు ముందుకు వత్తురు. కొలిచిన తరువాతనే కడుగుకొందురు. పిలాతుకు అంతయు తెలియును. అధికారము అతని చేతిలోనే ఉన్నది, ఖైదీ నీతిమంతుడని భార్య కబురు పంపెను, తానును ఏ దోషమును కనుగొనలేదు. అయినను కొలువక కడుగుకొనెను. మన ఊరిలో త్రాగివచ్చి భార్యను కొట్టువాని ఇంట కేకలు పుట్టినప్పుడు ‘అది వారి ఇంటి గొడవ’ అని తలుపు వేసికొనువాడు ఈ రెంటిలో ఏ విధముగా చేతులు కడుగుకొనుచున్నాడు? ఆ ఇంటికిని తన ఇంటికిని నడుమ ఎన్ని బారలు ఉన్నవో కొలిచెనా?

చివరకు ‘స్కేప్ గోట్’. ఈ మాటను కూర్చినవాడు టిండేలే. 1530లో మోషే పంచకాండములను అచ్చు వేసినప్పుడు లేవీయకాండము 16వ అధ్యాయములోని మేకకు ఆయన పెట్టిన పేరు ఇది, తప్పించుకొని పోవు మేక అని భావము. నేడు ఇంగ్లీషులో దీనికి అర్థము, ఇతరుల తప్పునకు నింద మోయు నిరపరాధి. తెలుగులో ‘బలిపశువు’ అని తర్జుమా చేయుదురు, పత్రికలన్నిటిలోను అదే. మాకు ఈ తర్జుమా సరిగా తోచదు. ఆ దినమున రెండు మేకలను తెచ్చి చీట్లు వేసిరి. బలి అయినది మొదటి మేక, దాని రక్తము అతిపరిశుద్ధ స్థలములోనికి పోయెను. నింద మోసిన రెండవ మేక చావలేదు. దానిని ప్రాణముతో అరణ్యమునకు పంపివేసిరి. ఊరు, మంద, మేత అన్నియు పోగొట్టుకొని బ్రతుకుట దాని వంతు. చచ్చినదానినిగూర్చి ఏడ్చువారుందురు, వెళ్లగొట్టబడినదానిని మరచిపోవుట సులభము.

ఆ క్రమమును గమనింపుడి. ప్రధానయాజకుడు మొట్టమొదట తన పాపము నిమిత్తమును తన ఇంటివారి నిమిత్తమును కోడెను అర్పించును. అనగా పెద్ద తన లెక్క ముందు తేల్చుకొనవలెను. అటు తరువాత బ్రతికియున్న మేక తలమీద రెండు చేతులును ఉంచి, జనుల దోషములన్నిటిని నోటితో ఒప్పుకొనును. జనులందరు వినుచుందురు. ఆ తప్పులు మేకవి అని అక్కడ ఒక్కడును అనుకొనడు. అవి మావే, మా బదులు ఇది మోయుచున్నది అని ప్రతివాడు ఎరుగును. నేటి స్కేప్ గోట్ విషయములో జరుగునదేమి? చేతులుంచుట ఉన్నది, అరణ్యమునకు పంపుట ఉన్నది, ఒప్పుకొనుట మాత్రము లేదు. పేరు లేవీయకాండమునుండి వచ్చెను గాని పని కయపది. జనమంతటి మేలుకొరకు ఒక్కడు పోయిన చాలునని యోహాను 11వ అధ్యాయములో సభవారికి ఆలోచన చెప్పినవాడు అతడే గదా. ఆ ఒక్కడు ఎవరో, ఆయనను గవినివెలుపలికి ఎవరు తీసికొనిపోయిరో మనమెరుగుదుము. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము మనలను ఆయన యొద్దకు శిబిరము వెలుపలికే పిలుచుచున్నది.

మేము ఈ పాస్టరేటునకు రాకమునుపు ఇందలి ఒక సంఘములో కోతపండుగ సొమ్ము తక్కువపడెను. ధాన్యమును, కోళ్లను, గుమ్మడికాయలను వేలము వేసి కూర్చిన డబ్బు అది. పెట్టె తాళము ముగ్గురి దగ్గర ఉండెను. అయినను అందరి చూపు ఊడ్చి గంట కొట్టు సహోదరునిమీద పడెను. అతనికి ఆ ఊరిలో బంధుబలగము లేదు, పొలము లేదు. దొంగ అని ఎవరును ముఖముమీద అనలేదు. గంట కొట్టు పని వేరొకనికి ఇచ్చిరి. స్త్రీలు చాపమీద జరిగి అతని భార్యకు చోటియ్యక ఊరకుండిరి. ఒక పంట కాలము ఓర్చి, వారు పిల్లలతో హైదరాబాదునకు, ఇల్లు కట్టు మేస్త్రీల దగ్గర కూలికి, పోయిరి.

రెండేండ్ల తరువాత పాత చిట్టాలు సరిచూచినప్పుడు ఒక చీటి దొరకెను. గుడి రేకులకని ఆ సొమ్ములోనుండి ముందుగా ఇచ్చిరి, పుస్తకములో ఎక్కించుట మరచిరి. పెద్దలు ఆ చీటిని పుస్తకములో అంటించి, అంకెలు దిద్ది, సంతకములు చేసిరి. లెక్క సరిపోయెను. మేము ఆ పుస్తకమును చూచితిమి, కూడిక తప్పు లేదు. ఆ కుటుంబమునకు కబురు పంపినట్టు మాత్రము ఎక్కడను వ్రాయబడలేదు, అడిగినప్పుడు ఎవరును చెప్పలేదు.

లేవీయకాండములో మేకను అరణ్యమునకు తోడుకొనిపోవుటకు ఒక మనుష్యుడు ఏర్పరచబడెను. దానిని తిరిగి తెచ్చుటకు ఎవడును ఏర్పరచబడలేదు. ధర్మశాస్త్రము అక్కడ ఆగెను. తప్పిపోయినదానిని వెదకుచు పోవు కాపరినిగూర్చి లూకా 15వ అధ్యాయములో విన్న మనము అక్కడ ఆగుటకు వీలులేదని పోయిన నెల ఆ సంఘములో చెప్పితిమి. కొందరు తల వంచుకొనిరి, కొందరు ‘ఇన్నాళ్లకు ఎందుకయ్యా’ అనిరి. కూడిక ముగిసిన తరువాత పుస్తకములో సంతకము చేసిన పెద్దలలో ఒకరు ఆగి, ఆ మేస్త్రీ ఉండు పేట తనకు తెలియునని చెప్పెను. రానున్న నెల మొదటి ఆదివారము ప్రభువు బల్ల ఉన్నది. అంతకు ముందు గురువారమున ఇద్దరు పెద్దలును, ఆనాడు చాపమీద చోటియ్యని స్త్రీలలో ఒకరును బయలుదేరుదురు. బస్సు ఛార్జీలను సంఘపు ఖాతాలో వ్రాయవద్దని, తామే పెట్టుకొందుమని వారు చెప్పియున్నారు.